కేంపు, కంపు, కంప

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా ముగియని రోజుల్లో, ఒక ఫిబ్రవరి నెలాఖరున, నన్ను మార్కాపురం రేంజికి ఫారెస్టరుగా వేశారు. అప్పట్లో ఆ తాలూకా కర్నూలు జిల్లాలో, జిల్లా మద్రాసు రాజధానిలో, నేను ప్రొబేషనులో ఉన్నాము. ప్రొబేషను అంటే ఉద్యోగం ఇచ్చారు గాని నమ్మకం ఇంకా ఇవ్వలేదని అర్థం. రెండేళ్ళు నిండాక పై అధికారి నాలుగు మంచి ముక్కలు రాస్తే ఖాయం చేస్తారు. రాయకపోతే పొడిగిస్తారు. అప్పటికీ రాయకపోతే ఇంటికి పంపిస్తారు. అంతకుముందు ఇరవై రెండు నెలలు నేను ఒక కలప డిపోలో దుంగల మీద సుత్తి ముద్రలు వేయించాను. ఆ పనిలో తప్పు చేయడం కష్టం కాబట్టి నా రికార్డు శుభ్రంగా ఉంది.

మా శాఖలో కింది నుంచి పైకి చెబితే వాచరు, గార్డు, ఫారెస్టరు, రేంజరు, ఆపైన జిల్లా అటవీ అధికారి. ఆయన్ని అందరం దొరగారు అనేవాళ్ళం. ఏప్రిల్ మొదటి వారంలో దొరగారు గిద్దలూరు వైపు నుంచి నల్లమల అంచు వెంబడి పుల్లలచెరువు దాకా టూరు వస్తున్నారు. నా రెండేళ్ళూ ఆ ఏప్రిల్‌లోనే నిండుతాయి. నా గురించి ఆ నాలుగు ముక్కలు రాయవలసింది ఆయనే. రేంజరుగారు నన్ను పిలిచి, పుల్లలచెరువు వైపు ఆఖరి మజిలీకి స్థలం ఎంచి, సిద్ధం చేసే బాధ్యత నాదన్నారు. "ఇంతకుముందు ఒక ఫారెస్టరు చెదపుట్ట పక్కన డేరా వేయించాడు. ఇప్పుడు తెనాలిలో బియ్యం కొట్టు చూసుకుంటున్నాడు" అని కూడా చెప్పారు.

టూరంటే ఒక మనిషి రావడం కాదు, ఒక చిన్న ఊరు కదిలి రావడం. డేరాలు రెండు జతలుంటాయి. దొరగారు ఒక జతలో ఉండగా రెండో జత బండ్లెక్కి ముందు మజిలీకి పోతుంది. ఆయన గుర్రం దిగేసరికి అక్కడ డేరా, మంచం, మేజా, వేడి టీ సిద్ధంగా ఉండాలి. మొత్తం మీద గుమాస్తా, డఫేదారు, బట్లరు, బండివాళ్ళు కలిసి ఇరవైమంది మనుషులు, పన్నెండు ఎద్దులు, రెండు గుర్రాలు, ఒక కుక్క. మూడు రోజుల మకాం.

స్థలానికి కావలసినవి కాగితం మీద తేలికే. నీరు దగ్గర ఉండాలి, ఏటి ఇసుకలో మాత్రం ఉండకూడదు. కొండల్లో అకాల వాన పడితే డేరా దొనకొండ స్టేషను దాకా టిక్కెట్టు లేకుండా ప్రయాణిస్తుంది. నీడ ఉండాలి, ఆ నీడనిచ్చే చెట్టుకు తేనెపట్టు గాని ఎండుకొమ్మ గాని ఉండకూడదు. చుట్టూ గడ్డి చెక్కించి నిప్పు దాటని అంచు తీయించాలి, ఎందుకంటే మార్చి, ఏప్రిల్ నెలలు అడవి తగలబడే కాలం. డేరా వాకిలి తూర్పుకు, వంటశాల గాలివాలుకు, మరుగు గొయ్యి వాటన్నిటికీ దూరంగా.

నేను కృష్ణా కాలువ ఒడ్డున పుట్టినవాణ్ణి. మా వైపు నీళ్ళు వెతకరు, తప్పుకుంటారు. నల్లమల అంటే నల్లగా, దట్టంగా, చల్లగా ఉంటుందని బండి దిగేదాకా అనుకున్నాను. మార్చిలో అది ఆకు రాల్చిన అడవి. టేకు, తిరుమాను, చండ్ర, అన్నీ ఎండుకట్టెల్లాగా నిలబడి, నీడ సంగతి మమ్మల్ని అడక్కు అన్నట్టుంటాయి. ఊళ్ళ పేర్లు మరో మోసం. చెరువు, కుంట, వాగు లేని పేరు లేదు. పేరులో తప్ప అవెక్కడా లేవు. పుల్లలచెరువులో పుల్లలకు కొదవ లేదు గనక సగం పేరైనా నిజమేనని సరిపెట్టుకున్నాను.

నాకు తోడుగా ఇచ్చిన గార్డు మస్తాన్. మార్కాపురం మనిషి, యాభై దాటినవాడు, నాతో తెలుగు, దేవుడితోనూ తన చెప్పులతోనూ దక్కనీ ఉర్దూ మాట్లాడేవాడు. ఇద్దరం ఎనిమిది రోజులు తిరిగాం. నీడ ఉన్నచోట నీళ్ళు లేవు, రెండూ ఉన్నచోట తేనెటీగలు ఉన్నాయి. ఒకచోట అన్నీ కుదిరాయి గాని అది శ్మశానం. తొమ్మిదో రోజున చెలమపాడు అనే ఊరి బయట, వాగు మలుపులో, నాలుగు పెద్ద నేరేడు చెట్లు, వాటి కింద చదునైన బయలు, పక్కనే ఇసుకలో తవ్విన చెలమ కనిపించాయి. చెలమలో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. గట్టున ఆరేడుగురు ఆడవాళ్ళు కడవలు పెట్టుకుని కూర్చున్నారు. నేను అప్పుడే నక్షా గీసుకోవడం మొదలుపెట్టాను.

మస్తాన్ బీడీ ఆర్పి, "చెలమను చూసినారు గదా సార్. దాని కాడ కూసున్నోళ్ళను గూడ ఒకసారి చూస్తారా?" అన్నాడు.

చూశాను, కబుర్లు చెప్పుకుంటున్నారు అన్నాను. ఆడవాళ్ళు నీళ్ళకు వచ్చి కూర్చున్నారంటే నాకు తట్టిన కారణం అదొక్కటే. మస్తాన్ తన చెప్పులతో ఏదో అన్నాడు.

నక్షా రేంజరుగారికి, దాని నకలు దొరగారి ఆఫీసుకు పోయాయి. ఊరి పెద్దకు ఉత్తరువు పంపాలి. ఆ వైపు ఊరి పెద్దను రెడ్డి అంటారు, కాగితాలు చదివేది కరణం. మా వాళ్ళంతా మకాం, మజిలీ అని రాసేవాళ్ళు. నేను కొత్తగా ఇంగ్లీషు నాలుకకెక్కినవాణ్ణి కదా, కేంపు అని రాశాను. నా దస్తూరి గురించి చెప్పుకోక తప్పదు. నా ఏత్వం ఎప్పుడూ తలకట్టులాగే ఉంటుంది. బడిలో అయ్యవారు దీనికోసం నా తలకట్టు చాలాసార్లు సవరించారు గాని లాభం లేకపోయింది. ఉత్తరువు సారాంశం ఇది: చెలమ పక్కనున్న నేరేడు చెట్ల కింద దొరగారి కేంపు వేయించవలెను, ఆ దినములలో చెలమ వద్దకు ఎవరినీ రానీయకుండా కట్టుదిట్టము చేయవలెను. ఆ రెండో వాక్యం నేను అందంగా రాశాననుకున్నాను.

తరవాత పది రోజులు నిప్పు లైన్ల పని మీద వేరే వైపు తిరిగి, దొరగారు రావడానికి రెండు రోజుల ముందు పొద్దున్నే చెలమపాడు చేరాను. డేరాల బండ్లు మర్నాడు సాయంత్రానికి వస్తాయి. నేరేడు చెట్ల దగ్గరకు వచ్చి ఆగిపోయాను. నా చదునైన బయలు కనిపించలేదు. దాని నిండా, ఆ చివర నుంచి ఈ చివర దాకా, చెలమను కూడా చుట్టేసి, నిలువెత్తున తుమ్మకంప, రేగుకంప. పందికొక్కు దూరే సందు కూడా లేదు.

రెడ్డిగారిని పిలిపించాను. అరవై ఏళ్ళ మనిషి, నింపాదిగా వచ్చి దండం పెట్టాడు. ఇదేమిటని అడిగాను.

"కంప, నాయనా" అన్నాడు. "తమరు రాసినట్లే వేయించినాం. ఊరంతా రెండు దినాలు పడినాం."

"నేను కంప వేయమని రాశానా?"

ఆయన తలగుడ్డ మడతలోంచి నా కాగితం తీసి జాగ్రత్తగా విప్పాడు. "కరణం మొదట కంపు అని చదివినాడు. దొరగారికి కంపు వేయించేది ఏంది, అది మర్యాద గాదులే అని నేనే అంటి. మీ శాఖోళ్ళు ఎప్పుడొచ్చినా మొక్కల సుట్టూ కంప వేయమనే గదా సెప్పేది. పిల్లగాడు అక్షరం తప్పినాడులే అని సవరించుకున్నాం."

"ఏ పిల్లగాడు?"

"తమరే, నాయనా."

కాగితం తీసుకుని చూశాను. నా రాతే నాకు కంపు కొట్టింది. కోప్పడదామంటే అక్షరం ఆయన పక్షాన ఉంది. వెంటనే కంప తీయించమన్నాను. ఆయనకు అభ్యంతరం లేదు. మగవాళ్ళంతా పొదిలి సంతకు బండ్లు కట్టారట, ఎల్లుండికి గాని రారట. "వేసేదానికి ఊరంతా కావాల, తీసేదానికి రెండూళ్ళు కావాల. కంప అట్లాంటిది" అని సానుభూతి చూపించి వెళ్ళిపోయాడు.

నేనూ మస్తానూ చెరొక పంగలకర్ర పుచ్చుకున్నాం. గంటసేపట్లో ఒక బారెడు మేర కంప తీసి, దానిలో సగం బట్టలకు తగిలించుకున్నాం. అరచేతిలో మూడు ముళ్ళు, మడమలో ఒకటి. పదేళ్ళు చదివి, రెండేళ్ళు కొలువు చేసి, చివరికి ముళ్ళకంప పాలైన నా బతుకు మీద విసుగు పుట్టింది. ముళ్ళు పీకుకోవడానికి నీడ వెతుక్కుంటూ కంప చుట్టూ తిరిగి ఊరి వైపు వచ్చాను. అక్కడ కంపలో ఒక కంత ఉంది.

ఆ కంతకు తలుపు కూడా ఉంది. దొడ్డికి పెట్టినట్టు ఒక రేగుకొమ్మను అడ్డం పెట్టి, లాగడానికి కొక్కెం కట్టారు. మనిషి పక్కకు తిరిగి, కడవ నడుమున పెట్టుకుని పోవడానికి సరిగ్గా సరిపోతుంది. అక్షరం తప్పు చదివినవాడు కంప వేయవచ్చు గాని ఇలా కొలిచి తలుపు పెట్టడు. నేను చూస్తుండగానే కొమ్మ జరిగింది, ఓ ముసలామె కడవతో బయటికి వచ్చింది. ఆమె పేరు ఓబులమ్మ అని తరవాత తెలిసింది.

"పక్కకు జరుగు నాయనా, కడవ తగులుతాది."

"చెలమ దగ్గరికి ఎవరూ రాకూడదని రాశాను కదా అవ్వా."

"రాసినావంట. నాకు సదువు రాదు గదా, అందుకే వచ్చినా" అని నడిచిపోయింది.

ఆ కంతలోంచి నేనూ లోపలికి పోయి, చెలమ గట్టున కూర్చున్నాను. తొమ్మిదో రోజున చేయవలసిన పని అప్పుడు చేశాను. ఒకామె కొబ్బరి చిప్పతో నాలుగు చిప్పలు తోడి కడవలో పోసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. చెలమ అడుగున తడి ఇసుక. మెల్లగా నీరు ఊరేది. మళ్ళీ నాలుగు చిప్పలు. వాళ్ళు కబుర్ల కోసం కూర్చోలేదు. నీటి కోసం కూర్చుని, ఆ తీరికలో కబుర్లు చెప్పుకునేవారు. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా నేను లెక్కపెట్టినవి పదిహేడు కడవలు. ఎద్దు ఒక్క తాపుకు రెండు కడవలు తాగుతుంది. మిగతా గుణకారం నాకు వచ్చు.

మస్తాన్‌ను వెంటబెట్టుకుని రెడ్డిగారింటికి నేనే వెళ్ళాను. ఆ తలుపు కూడా అక్షర దోషమేనా అని అడిగాను. ఆయన ఎద్దులెన్ని అన్నాడు. పన్నెండు అన్నాను. గుర్రాలు? రెండు. ఎన్ని దినాలు? మూడు.

"నాలుగో దినం మేమేం తాగాల నాయనా?" అన్నాడు. "మునుపొక ఎండాకాలం ఎవరో కొలతలోళ్ళు ఈడనే డేరాలు వేసినారు. వాళ్ళు పోయిన పొద్దున సెలమలో కప్ప గూడ లేదు. వాన పడేదాకా ఆడోళ్ళు పుల్లలచెరువుకు నడిసినారు, కడవ నీళ్ళకు."

"ఆ మాటే నాకు చెప్పవచ్చు కదా."

"దొర మకానికి నీళ్ళు ఈమంటే ఎదురు సెప్పినట్లయితాది. కంప వేయమన్నావు, వేసినామంటే మాట విన్నట్లయితాది. నీవు మకాం అని రాసింటే మాకు తప్పించుకునే దారే లేకపోయేది. మేలే చేసినావు."

నాకు వాళ్ళు చేసిన మేలు ఏమిటో ఆయనకు తెలియదు. డేరాలు వేసే చోటు లేకపోతే దొరగారు గుర్రం దిగేది కంప ముందర; నా ప్రొబేషను దిగేది తెనాలి బియ్యం కొట్టు ముందర. ఆ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. ఏప్రిల్, నాలుగు ముక్కలు, ఖాయం కావడం, అన్నీ. రెడ్డి, మస్తాన్ ఒకరినొకరు చూసుకున్నారు.

"దొన ఒకటుండాది" అన్నాడు రెడ్డి. మస్తాన్‌కు అప్పుడే దగ్గు వచ్చింది.

దొన అంటే కొండరాతిలో సహజంగా ఏర్పడిన తొట్టిలాంటి మడుగు. ఊరికి కోసున్నర దూరంలో, మా రిజర్వు అడవి లోపల ఉందట. మా శాఖ పటంలో అలాంటిది లేదు. లేకపోవడానికి కారణముంది. పర్మిటు లేకుండా రిజర్వులో పశువులను మేపడం నేరం. పట్టుకోవలసింది గార్డు, కేసు రాయవలసింది నేను. దొన ఎక్కడుందో చూపించడమంటే తమ పశువులు ప్రతి వేసవీ ఎక్కడ నీళ్ళు తాగుతున్నాయో చూపించడమే.

రెడ్డి నన్ను నిదానంగా చూసి, "ఫారెస్టరుగా వస్తే దారి కనపడదు నాయనా. సుట్టంగా వస్తే సూపిస్తా" అన్నాడు. చుట్టంగానే వెళ్ళాను.

బండపరుపు మధ్యలో మడుగు, నల్లగా, లోతుగా. పక్కన కానుగ చెట్లు కొత్త చిగురు వేసుకుని నిలబడ్డాయి. బండ్లు ఆగవలసిన నేల చదునుగా ఉంది. ఎనిమిది రోజులు నేను వెతికినదంతా అక్కడ ఉంది, దాంతోపాటు నేల నిండా డెక్కల గుర్తులు కూడా. మస్తాన్‌ను ఇవేమిటని అడిగాను.

"జింకలు సార్. ఈ పక్క జింకలు రవంత పెద్దవి."

నేను కానుగ మొదట్లో దొరికిన కొయ్యగంట తీసి చూపించాను. "జింకల మెడలో గంటలు కూడా కడతారా?"

"తప్పిపోకుండా సార్" అన్నాడు మస్తాన్.

కేసు రాస్తే నా రికార్డులో బాగుండేది. ప్రొబేషనులో ఉన్నవాడికి ఒక మేత కేసు సగం సిఫారసుతో సమానం. రాయలేదు. ధర్మబుద్ధి అని చెప్పుకోను. పంచనామాకు ఒక రోజు పడుతుంది, నాకున్నదే ఒక రోజు. గంట రెడ్డి చేతికిచ్చి, మనుషులు కావాలన్నాను. గంట తిరక్కముందే పొదిలి సంతకు పోయినవాళ్ళు నలభైమంది పారలు, కొడవళ్ళతో వచ్చేశారు. ఆ ఏడు పొదిలి బాగా దగ్గరికి జరిగినట్టుంది. వాళ్ళు గడ్డి చెక్కి నిప్పు అంచు తీశారు, డేరాలకు నేల చదును చేశారు, గాలివాలు చూసి గొయ్యి తవ్వారు. వాళ్ళ ఆడవాళ్ళు చీపుర్లతో డెక్కల గుర్తులు ఊడ్చి, పేడ గంపలకెత్తుకుని పోయారు. అంత శుభ్రమైన మకాం నా ముప్పై ఏళ్ళ సర్వీసులో మరోటి చూడలేదు.

దొరకు దొన దొరికింది. మూడు రోజులున్నారు, రోజూ పొద్దున స్నానం చేశారు, నీళ్ళు చల్లగా ఉన్నాయన్నారు. రెండో రోజున నన్ను పిలిపించి, తన దగ్గరున్న నక్షాలో నేరేడు చెట్లున్నాయి, ఇక్కడ కానుగలున్నాయి, చెట్లు మారాయా స్థలం మారిందా అని అడిగారు. సంజాయిషీ రాసిమ్మన్నారు.

డేరా వెనక కూర్చుని చాలాసేపు ఆలోచించాను. చెలమ చాలదని రాస్తే చూడకుండా ఎందుకు ఎంచావంటారు. ఈ మడుగు ఎవరు చూపించారంటే రెడ్డి పేరు రాయాలి, ఆయనకెలా తెలుసంటే పశువుల సంగతి రాయాలి. చివరికి నిజంలోంచి నాకు నష్టమైన ముక్క ఒక్కటే తీసి రాశాను: నా దస్తూరి దోషము వలన గ్రామస్థులు కేంపును కంపగా గ్రహించి కంప వేసినందున స్థలము మార్చవలసి వచ్చెను. దొరగారు రెండుసార్లు చదివారు. మొదటిసారి అర్థం కాక, రెండోసారి నవ్వాపుకోలేక. నా ఫైలులో నాలుగు ముక్కలు రాశారు. స్థలం ఎంపిక చాలా బాగుంది, ఈ ఫారెస్టరు రాసిన కాగితాన్ని నమ్మి ఎవరూ పని చేయలేరు, దస్తూరి బాగుపడేదాకా ఆరు నెలలు ప్రొబేషను పొడిగించడమైనది.

ఆ పొడిగింపులోనే మకాముల రిజిస్టరులో దొనను ఎక్కించే పని నాకు పడింది. ప్రతి స్థలానికి నీరు, నీడ, దారి అనే గళ్ళుంటాయి. చివరి గడి ఇతర విషయములు. అందులో "వేసవిలో చెలమపాడు పశువులకు నీటి తాపు" అని రాశాను. రేంజరుగారు ఆ పేజీని కళ్ళకు దగ్గరగా, దూరంగా పెట్టి చూసి, విసుగొచ్చి సంతకం చేశారు. కొన్నేళ్ళకు ఆ రిజిస్టరు చిరిగిపోతే, ముత్యాలకోవలాంటి దస్తూరి ఉన్న ఒక గుమాస్తా దాన్ని కొత్త పుస్తకంలోకి అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాశాడు. మా శాఖలో రిజిస్టరులో చదవడానికి వీలుగా ఉన్న ముక్క రూలు అవుతుంది. ఆ తరవాత వచ్చిన ఫారెస్టర్లు చెలమపాడు పశువులకు దొన దారి వదిలేశారని మస్తాన్ రిటైరయ్యే ముందు చెప్పాడు. ఆ రూలు పెట్టిందెవరో వాళ్ళకు తెలియదు.

మకాం స్థలం ఎంచేవాడు నీళ్ళు కనిపించగానే నక్షా తీయకూడదు. ఆ నీళ్ళ దగ్గర ఒక పూట కూర్చుని, ఎవరు వస్తారో, ఎంతసేపు కూర్చుంటారో చూడాలి. కాగితం రాసేవాడు చదివేవాడికి తెలిసిన మాట రాయాలి, అది కూడా చదవడానికి వీలుగా రాయాలి. మొదటిది నేర్చుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. రెండోదానికి ప్రభుత్వం ఆరు నెలలు ఇచ్చింది.